ఎండిన చెట్టులో తల్లి

వానలు మొహం చాటేసిన ఏడు తెలుగు పల్లెల్లో విరాటపర్వం చదివిస్తారు. మా రాయదుర్గం సీమకు ఆ నమ్మకం కొత్త కాదు. కీచకవధో, ఉత్తరగోగ్రహణమో నడుస్తుండగా వినేవాళ్ళ కళ్ళు మాటిమాటికీ ఆకాశం మీదికి పోతాయి. ఆ పర్వం మొదట్లోనే వచ్చే ఒక ఘట్టాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అజ్ఞాతవాసం కోసం విరాటనగరం చేరబోతూ పాండవులు శ్మశానం దగ్గర, నడిచే దారికి ఎడంగా ఉన్న ఒక జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచారు. దగ్గరికెవరూ రాకుండా ఒక శవాన్ని కూడా కొమ్మకు కట్టారు. పశుల కాపరులు అడిగితే, అది తమ తల్లి అని, 180 ఏళ్ళ ముసలమ్మ అని, ఇలా చెట్టుకు కట్టడం తమ కులాచారమని చెప్పుకుంటూ పోయారని వ్యాసభారతం చెబుతుంది.

నన్ను ఎన్నాళ్ళగానో పట్టి ఉంచిన ఘట్టం ఇది. చూడగానే భయం పుట్టే చోట, చావు వాసన వేసే చెట్టులో, తల్లి పేరు చాటున గాండీవం ఉంది. పదమూడో ఏడు గడిచేదాకా ఆ చెట్టు దగ్గరికి పోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. గడువు తీరాక విరాటరాజు కొడుకు ఉత్తరుడు ఎక్కి కట్టు విప్పితే ఆయుధాలు మిలమిల మెరిశాయి. మనసుకు కూడా అటువంటి ఒక జమ్మిచెట్టు ఉంటుంది. మనం ఎడంగా తప్పుకుని పోయేది, శవం తప్ప ఇంకేమీ లేదని ఖాయం చేసుకున్నది. ప్రార్థన పలకని రోజులు, జపం పెదవుల మీదే ఆగిపోయే రోజులు, దేవుడి పటం ముందు కూర్చుంటే గోడను చూసినట్టుండే రోజులు. ఆ రోజుల గురించి మన పెద్దలు చెప్పారు, ఇతర దేశాల పెద్దలూ చెప్పారు. ఒక చిత్రకారుడు అరచేతిలో పట్టేంత చెక్క మీద గీసి చూపించాడు కూడా.

ఆయన పేరు పెట్రుస్ క్రిస్టుస్. బార్ల్ అనే ఊరి నుంచి వచ్చి 1444లో ఫ్లాండర్స్ దేశపు బ్రూజ్ నగరంలో పౌరుడయ్యాడు. 1465 ప్రాంతంలో ఆయన గీసిన 'ఎండిన చెట్టు మాత' ఇప్పుడు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని థిస్సెన్ బోర్నెమిస్సా మ్యూజియంలో ఉంది. ఎత్తు 14.7 సెంటీమీటర్లు, వెడల్పు 12.4. పదిమంది నిలబడి చూసే కొలత కాదది. ఒక్కరు, తలుపు వేసుకుని, దీపం దగ్గరగా జరుపుకుని చూసుకునేది. వెనుక అంతా నలుపు. మధ్యలో ఆకు ఒక్కటీ లేని చెట్టు. దాని ముళ్ళకొమ్మలు రెండు పక్కలా వంగి పైకి లేచి వలయంగా అల్లుకున్నాయి. కొమ్మలు చీలే చోట, ఆ వలయం లోపల, ఎర్రని పైవస్త్రం కప్పుకుని మరియమ్మ నిలబడి ఉంది. చేతుల్లో బాలయేసు. ఆ బిడ్డ చేతిలో శిలువ గుర్తున్న గోళం. కొమ్మలకు వేలాడుతూ 15 బంగారు అక్షరాలు. పదిహేనూ ఒకే అక్షరం, లాటిన్ లిపిలో మొదటిది.

బ్రూజ్ నీటి ఊరు. కాలువలు, వంతెనలు, సముద్రం మీది నుంచి వచ్చే తేమగాలి. అక్కడ వానకోసం ఎవరూ పర్వాలు చదివించుకోనక్కర్లేదు. అటువంటి ఊళ్ళో ఎండిన చెట్టు మాత పేర ఒక భక్తసంఘం ఉండేది. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చిలో వాళ్ళ ఆరాధన జరిగేది. బర్గండీ ప్రభువు ఫిలిప్ ఒక యుద్ధానికి ముందు ఎండిన చెట్టు మీది మరియమ్మ బొమ్మ ముందు మొక్కుకుని, గెలిచాక ఈ సంఘాన్ని పెట్టాడని కథ. నిజానికి ఆయన ప్రభువు కాకముందు నుంచే సంఘం ఉంది. ప్రభువులూ, ప్రభువుల భార్యలూ, ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన వర్తకులూ అందులో చేరారు. 1460ల మొదట్లో క్రిస్టుస్ కూడా భార్యతో కలిసి చేరాడు.

తడి ఊరివాళ్ళకు ఎండిన చెట్టు ఎందుకు కావలసివచ్చింది? దీన్ని గురించి ఆలోచిస్తున్నప్పుడల్లా నాకు లేపాక్షి గుర్తొస్తుంది. అచ్యుతరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయంలో వటపత్రశాయి చిత్రం ఉంది. ఎటు జరిగినా ఆ బిడ్డ కళ్ళు మన వెంటే వస్తున్నట్టుంటాయని చూసినవాళ్ళంతా చెబుతారు. ఆ కథలో ప్రళయజలం లోకాన్నంతా ముంచేసింది. మిగిలింది ఒక పచ్చని మర్రాకు, దానిమీద కాలి బొటనవేలు నోట పెట్టుకున్న పసివాడు. నీటికి మొహం వాచిన మన అనంతపురం సీమలో చిత్రకారుడు దేవుణ్ణి ముంచెత్తే నీటిమీద, వాడని ఆకుమీద చూపించాడు. కాలువల మధ్య బతికినవాడు ఆకు రాలిన ముళ్ళచెట్టులో చూపించాడు. ఎవరికి ఏది కరువో అదే గీసుకున్నారని తేలికగా అనేయవచ్చు. నాకు అది చాలదు. వటపత్రం మీద బిడ్డకు తల్లి లేదు. అంతా మునిగాక కూడా మునగనిది ఒకటుందని మార్కండేయ మహర్షికి చూపడం ఆ చిత్రం పని. బ్రూజ్ చిత్రంలో బిడ్డ ఒంటరివాడు కాడు, అతణ్ణి ఎత్తుకున్న ఒక మనిషి ఉంది. ఎండిపోయిన చోట నిలబడటానికి ఒప్పుకున్న మనిషి ఆమె. మునిగినప్పుడు దైవం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు మనవాళ్ళు జవాబు గీశారు. ఎండినప్పుడు మనిషి ఎక్కడుండాలన్నది క్రిస్టుస్ పట్టుకున్న ప్రశ్న.

ఆ చెట్టు వెనుక పెద్ద పురాణమే ఉంది. ఏదేను తోటలో ఆదాము, అవ్వ పండు తిన్నాక ఆ జ్ఞానవృక్షం ఎండిపోయిందని మధ్యయుగపు క్రైస్తవులు చెప్పుకునేవారు. దానికి ఒక పచ్చి అంటు కట్టారని, ఆ అంటే మరియమ్మ జననమని 14వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసకవి గియోమ్ ద దెగివిల్ తన ఆత్మయాత్రా కావ్యంలో అల్లాడు. అంతకు చాలా ముందు యెహెజ్కేలు ప్రవక్త గ్రంథంలో, పచ్చని చెట్టును ఎండబెట్టేదీ ఎండిన చెట్టును చిగిర్చేదీ తానేనని దేవుడు చెప్పుకుంటాడు. మన దగ్గరా ఇటువంటి ఊహ ఉంది. కదిరి దగ్గర, అయిదెకరాలకు పైగా పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఒకప్పుడు చితికి పాతిన గుంజ అని, 1434లో తిమ్మమ్మ భర్తతో పాటు అగ్నిలో కలిసిపోయాక ఆ గుంజే చిగిర్చిందని ప్రతీతి. ఆ చితికి నేను చేతులెత్తలేను. ఏ స్త్రీ అయినా అలా పోవడంలో పుణ్యం ఉందని నా నోట రాదు. అయితే ఎండు గుంజ చిగిర్చిందని చెప్పుకున్న జనం మనసులోని ఆకలి నాకు అర్థమవుతుంది. సంతానం లేనివాళ్ళు ఆ మాను కిందికే వచ్చి మొక్కుకుంటారు. ఎండినది చిగిర్చిన చోట తమ కడుపూ పండుతుందని ఆశ.

ఈ కథలన్నీ చిగురు దగ్గర ముగుస్తాయి. క్రిస్టుస్‌కు ఆ పురాణం తెలుసు, ప్రవక్త మాట తెలుసు. ఒక్క చిగురు గీయడానికి ఆయన కుంచెకు ఎంతసేపు పడుతుంది? గీయలేదు. తల్లీ బిడ్డా వచ్చి నిలబడ్డాక కూడా చెట్టు ఎండే ఉంది. ముళ్ళు ముళ్ళుగానే ఉన్నాయి. పైగా ఆ ముళ్ళవలయం, ఆ బిడ్డ పెద్దవాడయ్యాక తలకు పెట్టబోయే ముళ్ళకిరీటం ఆకారంలోనే ఉంది. మొక్కుకుంటే వాన రావాలి, పూజ చేస్తే పచ్చబడాలి అనుకునే మన లెక్కకు ఇక్కడ సమాధానం దొరకదు. కృప వచ్చిందనడానికి చిగురు సాక్ష్యం ఇవ్వాలని ఈ చిత్రం అడగదు. తల్లి వచ్చింది, చెట్టు ఎండే ఉంది. రెండూ ఒకే పలక మీద, ఒకే క్షణంలో నిజం.

దీన్ని నిరాశ అనుకోవద్దు. మన వైదికులు ఎండుకట్టెలో ఏం చూశారో గుర్తు చేసుకుంటే సంగతి తేటపడుతుంది. యజ్ఞానికి నిప్పు అరణులనే రెండు కట్టెల నుంచి మథించి తీస్తారు. జమ్మిలో మొలిచిన రావిచెట్టు కొమ్మ అందుకు శ్రేష్ఠమని శాస్త్రం. పచ్చికట్టెను ఎంత మథించినా నిప్పు పుట్టదు, బాగా ఎండి ఉండాలి. కింది అరణి తల్లి, పుట్టే అగ్ని బిడ్డ. గర్భిణి కడుపులో బిడ్డను భద్రంగా మోసినట్టు అరణులు అగ్నిని దాచుకున్నాయని కఠోపనిషత్తు అంటుంది. శ్వేతాశ్వతరం ఇంకో అడుగు వేసి, సాధకుడు తన దేహాన్నే కింది అరణిగా, ప్రణవాన్ని పై అరణిగా చేసుకుని ధ్యానంతో మథించాలని చెబుతుంది. అప్పుడు లోపల దాగినవాడు కనబడతాడట. ఎండు కట్టెలో తల్లి, ఆమె ఒడిలో వెలుగు. బ్రూజ్ చిత్రకారుడికి అరణుల మాట తెలిసే అవకాశం లేదు, ఆయన చిత్రానికి ఇది టీక అని నేను అనను. మన ఉపనిషత్తు దగ్గర పెట్టుకుని చూస్తే నా వంటి తెలుగు పాఠకుడికి ఆ ఎండు చెట్టు శవంలా కనబడటం మానేస్తుంది. అంతే నేను చెప్పేది.

మథించడానికి పై అరణి కావాలి గదా. ఆ పదిహేను బంగారు అక్షరాలు అందుకే ఉన్నాయని నా ఊహ. గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన వందనం లాటిన్‌లో ఆ అక్షరంతో మొదలవుతుంది. ఆ వందనప్రార్థనను 150 సార్లు చెప్పుకోవడం జపమాల. దావీదు కీర్తనలు 150. చదువు వచ్చిన సన్యాసులు కీర్తనలన్నీ పాడుకుంటుంటే, అక్షరం ముక్క రానివాళ్ళు వాటికి బదులుగా ఆ ఒక్క వందనాన్నే అన్నిసార్లు చెప్పుకునేవారు. ఆ 150కి పది చొప్పున కట్టిన వరసలు 15. క్రిస్టుస్ ఆ ప్రార్థన మొత్తాన్ని రాయకుండా మొదటి అక్షరాన్ని మాత్రమే కొమ్మలకు కట్టాడు. గీతలో విభూతులు చెబుతూ కృష్ణుడు అక్షరాల్లో తాను అకారమని అన్నాడు. నోరు తెరిస్తే చాలు, నాలుక కదలకముందే పుట్టే ధ్వని అది. పసిబిడ్డ ఏడుపు దానితోనే మొదలు, చివరి ఊపిరిలోనూ అదే. మనసు బాగా ఎండిన రోజున సహస్రనామం సాగదు, స్తోత్రం సగంలో ఆగుతుంది. మొదటి అక్షరం దాకా అయినా నోరు తెరుచుకుంటుంది. క్రిస్టుస్ ఆ సగంలో ఆగిన ప్రార్థనలకు బంగారం పూశాడు. రాయదుర్గంలో రససిద్ధుల పేరుతో గుహలున్నాయి. పాదరసాన్ని కట్టి హీనలోహాన్ని బంగారం చేసే విద్య వాళ్ళదని చెప్పుకుంటారు. ఆ విద్యకు లోపలి అర్థం ఒకటుందని నమ్మేవాళ్ళలో నేనూ ఉన్నాను. పూర్తికాని జపం బంగారం కావడం కంటే పెద్ద రసవాదం నేను ఎరగను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎండినదంతా అరణి కాదు. సోమరితనం వల్ల ఎండేది ఒకటి, ఒంటి జబ్బు వల్ల, దిగులు వల్ల ఎండేది మరొకటి. 16వ శతాబ్దపు స్పెయిన్ సాధువు సిలువ యోహాను దీన్ని చాలా సూక్ష్మంగా విడదీశాడు. దైవం పట్ల రుచి పోయింది సరే, లోకం పట్ల రుచి మిగిలిందా అని మొదట చూసుకోమన్నాడు. రెండు చోట్లా రుచి పోయి, అయినా నేను దైవానికి దూరమైపోతున్నానే అన్న బాధ గుండెల్లో పీకుతూ ఉంటే, ఆలోచనతో చేసే ధ్యానం ఎంత ప్రయత్నించినా సాగకపోతే, అప్పుడు ఆ ఎండు దైవమే తెచ్చిందని గుర్తు. ఆయన చెప్పిన ఉపమానం ఏమిటంటే, పాలిచ్చి పెంచిన తల్లి బిడ్డ ఎదిగాక రొమ్ముకు చేదు పూస్తుంది, చంకనుంచి దించి నడవమంటుంది. మన అమ్మలు వేపాకు ముద్ద పూసి పాలు మాన్పించడం ఈ నేల మీద ఎవరికి తెలియదు? చేదు తగిలి బిడ్డ ఏడుస్తాడు, అమ్మ తనను వదిలేసిందనుకుంటాడు. ఆ వేపాకు నూరింది అమ్మ చెయ్యే. ఆ సమయంలో ఆమె ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది.

చిత్రంలో బిడ్డ చేతిలోని గోళం గురించి ఒక మాట. అది లోకం. లోకాన్ని పట్టుకున్నవాణ్ణి ఒక అమ్మాయి పట్టుకుని ఉంది. కృష్ణుడు మన్ను తిన్నాడని నోరు తెరిపించి యశోద చూసింది ఈ దృశ్యాన్నే. అందులో కొండలూ సముద్రాలూ కనబడ్డాయి, తన వ్రేపల్లె కనబడింది, తానూ కనబడింది. ఆ తర్వాత ఆమె ఆ సంగతి మరిచిపోయి బిడ్డను ఒళ్ళోకి తీసుకుందని భాగవతం చెప్పే తీరు నాకు ఎంతో ఇష్టం. తత్త్వం తెలిసిన క్షణం కంటే అది మరిచి ఎత్తుకున్న క్షణమే భాగవతుడికి పెద్దది. మరియమ్మ కూడా ఆ గోళం వైపు చూస్తూ కూర్చోలేదు. బిడ్డ బరువు మోస్తూ ఉంది.

ఇంతవరకూ లోపలి ఎండు గురించి రాశాను. మా సీమలో బయటి ఎండు గురించి మౌనంగా ఉండి ఈ చిత్రాన్ని వివరించడం అన్యాయం. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్య మబ్బులు మా దాకా వచ్చేసరికి చాలావరకు ఖాళీ అవుతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడితే పడినట్టు. 1876లో మొదలైన ధాత కరువులో, రాయదుర్గం అప్పుడున్న బళ్ళారి జిల్లా ఎంత ఘోరంగా తుడిచిపెట్టుకుపోయిందో పాత లెక్కల్లో ఉంది. వేదవతి, మేము హగరి అని పిలుచుకునే నది, ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. ఆ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాల్లో దిబ్బలుగా పోస్తుంది. బ్రూజ్‌కూ ఇసుక కష్టం తెలుసు. ఆ ఊరిని సముద్రంతో కలిపే జ్విన్ పాయ 15వ శతాబ్దమంతా పూడుకుంటూ వచ్చింది, ఓడలు రావడం మానేశాయి, వర్తకం ఆంట్వెర్ప్‌కు తరలిపోయింది. క్రిస్టుస్ ఆ చెట్టు గీస్తున్న రోజుల్లోనే ఆయన ఊరి ప్రాణనాళంలో ఒండ్రు పేరుకుంటోంది.

బోరు మీద బోరు వేసి, నీళ్ళు పడక, అప్పు తీరక ఇంటి యజమాని ప్రాణం తీసుకున్న గడప దగ్గరికి వెళ్ళి అరణుల ఉపమానం చెప్పగలమా? చెప్పకూడదు. ఎండు దైవం పంపిన వేపాకు అని ఆ ఇల్లాలితో అనడం పాపం. సిలువ యోహాను చెప్పిన గుర్తులు సాధకుడు తనలో తాను చూసుకోవడానికే గానీ పక్కవాడి దుఃఖాన్ని కొలవడానికి పనికిరావు. చేలో వేరుశనగ ఎండటం నీటి లెక్క, మద్దతు ధర లెక్క, బ్యాంకు లెక్క. దాన్ని లోపలి అర్థంలోకి మార్చేసి చేతులు దులుపుకునే ఆధ్యాత్మికత నాకు వద్దు. ఈ చిత్రాన్ని నేను ప్రేమించడానికి కారణం కూడా అదే. ముళ్ళు ఎందుకున్నాయో అది చెప్పదు. ముళ్ళు మంచివని చెప్పదు. లోపల ఒక తల్లి నిలబడి ఉందని మాత్రం చెబుతుంది.

ఆ పలక ఒక్కరి చేతికి సరిపోయే కొలతలో ఉన్నా దాని పేరు ఒక సంఘానిది. చిత్రకారుడూ, ఆయన భార్యా, ప్రభువు భార్యా, వర్తకుడూ ఒకే పట్టీలో పేర్లు రాయించుకున్నారు. పట్టీ మీది పేరు ఎండిన చెట్టు. అటువంటి భక్తసంఘాలు పోయిన సభ్యుల కోసం ప్రార్థనలు చేయించడం, లేనివాళ్ళకు దానాలు ఇవ్వడం ఆ కాలపు ఆచారం. మా ఊళ్ళలో కరువు ఏడు ఒక ఇంట్లో చావు జరిగితే, ఓదార్పు మాటలు రాని ఆడవాళ్ళు వస్తారు. చాటలో బియ్యం తెచ్చి అరుగు మీద పెడతారు. పిల్లల్ని తమ ఇంటికి తీసుకుపోయి, జొన్నరొట్టె పెట్టి, పొద్దు గూకాక తెచ్చి అప్పగిస్తారు. మరునాడు మళ్ళీ వస్తారు. వాళ్ళలో హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ ఉంటారు. బ్రూజ్ సంఘంవాళ్ళకు వీళ్ళ సంగతి తెలిసి ఉంటే తమ పట్టీలో వీళ్ళ పేర్లూ రాసుకునేవారని నేను నమ్ముతున్నాను.